నరసమ్మ ఆంటీ ఫైనల్ ఆటలు

నరసమ్మ ఆంటీ పోయి నెల తిరక్కుండానే మన తెలుగు సంఘం వాళ్ళు ఒక స్మారక సంచిక వేస్తున్నామని, ఆవిడ ఇంట్లో చాలాకాలం ఉన్నదాన్ని కనక నన్నొక అరపేజీ రాసిమ్మని కబురు పెట్టారు. ఎలా రాయాలో నాకు తెలియదనుకున్నారో ఏమో, నమూనాకి నాలుగు వాక్యాలు వాళ్ళే రాసి ఫోనుకి పంపారు. "వంటిల్లే లోకంగా, భర్తాబిడ్డలే సర్వస్వంగా, బయటి గొడవలేవీ ఎరగని నిరాడంబరమైన ఇల్లాలు" అని మొదటి వాక్యం. చోవా చూ కాంగ్ స్టేషన్లో రైలు కోసం నిలబడి చదివాను. రైలు వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి, వెళ్ళిపోయింది. నేను ఎక్కలేదు. "ఈ మనిషెవరో నాకు తెలియదండీ. నాకు తెలిసిన నరసమ్మ గారి గురించైతే రాస్తాను, కానీ అరపేజీలో పట్టదు" అని జవాబిచ్చాను. వాళ్ళు మళ్ళీ అడగలేదు. అడక్కపోయినా రాస్తున్నాను.

నేను మలయా పక్కనున్న ఈ దీవికి వచ్చింది కంప్యూటర్లకి రెండువేల సంవత్సరం భయం పట్టుకున్న రోజుల్లో. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెల్లో రాసుకున్నారు, వాటిని నాలుగంకెలు చెయ్యకపోతే బ్యాంకులు తలకిందులైపోతాయని ప్రపంచమంతా ఒకటే హడావిడి. ఆ హడావిడిలో అనకాపల్లి నుంచి ఇరవై నాలుగేళ్ళ పిల్లని నేను కూడా ఒక విమానం ఎక్కేశాను. యూ టీ అనే పేటలో, ఎనిమిదో అంతస్తులో, తెలుగావిడ ఇంట్లో గది ఖాళీగా ఉందని ఎవరో చెబితే పెట్టె పట్టుకుని వెళ్ళాను. తలుపు తీసినావిడ పొట్టిగా, బలంగా, నడుముకి లుంగీలాంటి సరోంగు, పైన వదులు జాకెట్టు, ముక్కుకి రెండు పక్కలా రాళ్ళ ముక్కుపుడకలు. నన్ను కింద నుంచి పై దాకా చూసి, "ఏ ఊరు పిల్లా మీది? అన్నం తిన్నావేటి?" అంది. మా అమ్మమ్మ పోయాక ఆ యాస నేను వినలేదు. ఆంటీ మాత్రం అనకాపల్లి ఎన్నడూ చూడలేదు. ఆవిడ పుట్టింది మలయాలో, పేరాక్ వైపు కొబ్బరి తోటల్లో. తాత ఎప్పుడో ఓడెక్కి వచ్చి అక్కడ కొబ్బరికాయలు ఒలిచాడట. ఊరు చూడని మనిషి నోట్లో ఊరి మాట అలా చెడకుండా నిలిచిపోయింది. మధ్యలో మాత్రం మలయ్ మాటలు దొర్లేవి. తిండి అంటే మాకన్, అయిపోయింది అంటే సుడా.

ఆ ఇంటి వాసన ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే వస్తుంది. ఉడికే అన్నంలో ముడివేసి పడేసిన పాందాన్ ఆకు, మూకుట్లో వేగే ఎండు నెత్తళ్ళు, బాల్కనీలో ఆరేసిన బట్టల సబ్బు, సాయంత్రం దేవుడి అలమర ముందు సాంబ్రాణి. ఆంటీ తెల్లవారకముందే లేచేది. కాఫీని గుడ్డ సంచిలో వడకట్టి, రెండు గ్లాసుల మధ్య ఎత్తు నుంచి తిరగబోసి, నురగ వచ్చాక గానీ ఇచ్చేది కాదు. తర్వాత దినపత్రిక తీసి నేల మీద పరిచి, వెనక పేజీ నుంచి చూసేది. ఇంగ్లీషు చదవడం రాదు. కానీ అంకెలు వచ్చు, బొమ్మలు చూస్తుంది, జట్ల పేర్లు అక్షరాల ఆకారాన్ని బట్టి గుర్తుపడుతుంది. ఆ వెనక పేజీ ఆటల పేజీ అని, అందులోనూ ఆవిడ చూసేది ఫుట్‌బాల్ అని తెలియడానికి నాకు వారం పట్టింది.

ఆవిడ భర్త రేవులో క్రేను నడిపేవాడు. ఓడల మీద వచ్చే తెల్లవాళ్ళ దగ్గర ఆ పిచ్చి అంటించుకున్నాడట. యూరప్‌లో ఏ దేశానికా దేశం గెలిచిన క్లబ్బులన్నీ మళ్ళీ తమలో తాము తలపడే ఒక పెద్ద కప్పు ఉంది. ఏడాదికి ఒక్కటే ఫైనల్. కొత్త కాపురంలో ఆయన ఆ ఫైనల్ సంగతి పేపర్లో చదివి చెప్పేవాడు, తర్వాత రేడియో కొన్నాడు, ఆ తర్వాత టీవీ. అక్కడ రాత్రి ఎనిమిది తొమ్మిది అయితే మనకి తెల్లవారుజామున మూడు. పిల్లలు లేవకుండా ఇద్దరూ రేడియోకి చెరో చెవీ ఆనించి కూర్చునేవారట. మొగుడూ పెళ్ళాలు నింపాదిగా మాట్లాడుకోవడానికి ఏడాదికి దొరికే సమయం అదేనని ఆంటీ నవ్వేది.

అందుకేనేమో, ఆవిడకి సంవత్సరాలు అంకెల్లో గుర్తుండేవి కావు. ఫైనల్స్‌తోనే లెక్క. పెద్దకొడుకు గోపాల్ ఎప్పుడు పుట్టాడంటే, "తెల్ల సొక్కాల స్పెయినోళ్ళు ఏడు కొట్టి మూడు తిన్న యేడు" అనేది. వాళ్ళు అప్పటికి వరసగా అయిదోసారి గెలిచారట. "విమానం కూలి కుర్రాళ్ళు పోనారు సూడు, ఆ జట్టు పదేళ్ళకి లేసి కప్పు తెచ్చుకున్నాది. అప్పుడు మా రత్నం కడుపున పడ్డాది." కంపుంగులో, అంటే పాత పల్లెలో, రేకుల ఇల్లు ఖాళీ చేసి ఫ్లాటుకి మారింది ఒకే ఫైనల్ రెండుసార్లు ఆడిన ఏడాది. ఒకసారి నేను కేలండరు తీసి సరిచూడబోతే, "నీ కంప్యూటరుకే యేడు తెలవడంనేదట కదా, నన్నడుగుతావేటి" అంది. ఆవిడకి అన్నిటికన్నా ఇష్టమైనది స్కాట్లండ్ జట్టు ఒకటి. పదకొండు మందీ ఒకే ఊరి చుట్టుపక్కల పుట్టిన పిల్లలు, ఇటలీ నుంచి వచ్చిన గొప్పవాళ్ళని ఓడించారు. ఆ పదకొండు మందికీ తనే వండి పెట్టినట్టు చెప్పేది. భర్త పోయింది రొమేనియా గోలీ నాలుగు పెనాల్టీలూ ఆపిన ఏడాది. అంతకు ముందు ఏడాది ఫైనల్ గురించి మాత్రం ఎప్పుడడిగినా ఒకటే మాట, "ఆట సూడ్డానికి ఒచ్చిన జనం గోడకింద నలిగి సచ్చిపోతే అవతల ఆట ఆడేరు. ఆ యేడు నాను లెక్కెట్టను" అని లేచి వెళ్ళిపోయేది. ఆ సంవత్సరం ఆ ఇంట్లో ఎవరికీ ఏమీ జరగనట్టే.

ఇప్పుడు నేను చెప్పదలచుకున్న రోజు. మా ఆఫీసులో ప్రాజెక్టు మేనేజరు మూర్తి గారు. సంఘంలోనూ ఆయనే పెద్ద. కొత్తగా వస్తున్న సాఫ్ట్‌వేర్ వాళ్ళందరినీ ఒకచోట చేర్చాలని ఆయనకి ఉబలాటం. ఆ ఏడాది ఫైనల్‌ని తన కాండోమినియంలో కింద ఉన్న హాల్లో ప్రొజెక్టరు మీద వేస్తానని, భోజనాలు కూడా అక్కడేనని ప్రకటించారు. మా ఆంటీ గారెల సంగతి నా ద్వారా ఆయనకి తెలుసు. "మీ ఆంటీ గారిని ఒక రెండొందలు చేసిపెట్టమను పద్మా" అన్నారు. నేను వచ్చి చెబితే ఆంటీ, "గోడంత బొమ్మ పడతాదా?" అని అడిగింది. పడుతుందన్నాను. "అయితే సేత్తాను" అంది.

ఆ రోజు మధ్యాహ్నం పడుకుని లేచి, తలంటుకుని, పట్టుచీర కట్టింది. ఫ్లాస్కు నిండా కాఫీ పోసుకుంది. గారెల డబ్బాలు చెరొకటి పట్టుకుని టాక్సీలో వెళ్ళాం. వెళ్ళగానే ఆంటీ చేసిన మొదటి పని, ముందు వరస మధ్య కుర్చీ మీద టిష్యూ కాగితాల పొట్లం పెట్టడం. వరసగా తిండికొట్లుండే హాకర్ సెంటర్లో బల్ల చోప్ చేసుకున్నట్టే. టిష్యూ పెట్టారంటే ఆ చోటు వాళ్ళదే, ఈ ఊళ్ళో చంటిపిల్లలకి కూడా తెలుసు. భోజనాలయ్యాక మూర్తి గారు చూసి నవ్వారు.

"ఆంటీ గారూ, లేడీస్‌కి పక్కగదిలో సినిమా పెట్టించాను. కొత్తది. ఏసీ కూడా బాగుంటుంది అక్కడ."

"సినిమా రేపు కూడా ఉంటాది బాబూ. ఇది ఉండదు" అంది ఆంటీ కూర్చుంటూ.

ఆవిడ పక్కన నేను కూర్చున్నాను. హాల్లో ముప్పై మంది మగవాళ్ళు, మేమిద్దరం. ఆట మొదలవడానికి ఇంకా చాలా టైముంది. ఆంటీకి పాత ఫైనల్స్ అన్నీ వచ్చని ఎలా పొక్కిందో, బహుశా నేనే గొప్పకి చెప్పి ఉంటాను, చుట్టూ చేరారు. ఒకాయన రొమేనియా వాళ్ళు ఎవర్ని ఓడించారని అడిగాడు. ఆంటీ చెప్పింది. చప్పట్లు. ఇంకొకాయన పేపరు చూసుకుంటూ మరోటి అడిగాడు. అదీ చెప్పింది. ఈల వేశారు. "వీడియో తీయండ్రా, మన ఆంటీ సూపర్" అన్నారెవరో. నాకూ గర్వంగానే ఉంది. ఆంటీ మొహం చూశాక ఆ గర్వం పోయింది. ఆవిడ ఫ్లాస్కు మూత గట్టిగా బిగించి, "నాను సిలకనేటి?" అంది. ఎవరికీ అర్థం కాలేదు. "ఇంతసేపూ నన్నడిగేరు కదా, మీలో ఒక్కడైనా ఆ ఆటలు ఎలాగున్నాయని అడిగేరా? నాను ఆట సూడ్డానికి ఒచ్చినాను. కూకోండి." నవ్వులు సన్నగిల్లాయి. ఒకళ్ళొకళ్ళూ సర్దుకుని కూర్చున్నారు.

ఆ ఫైనల్ స్పెయిన్‌లో జరిగింది, ఇంగ్లండ్ జట్టుకీ జర్మనీ జట్టుకీ. ఆట మొదలై పట్టుమని పది నిమిషాలు కాకుండానే జర్మనీ వాళ్ళు గోల్ వేశారు. అంతే, ఆ తర్వాత ఎంతకీ ఏమీ జరగలేదు. మన వాళ్ళందరూ ఇంగ్లండ్ వైపే. రెండో సగంలో జర్మనీ వాళ్ళు కొట్టినవి రెండు, ఒకటి పక్క గుంజకీ ఒకటి పై కడ్డీకీ తగిలి బయటికి వచ్చాయి. హాల్లో ఆవులింతలు మొదలయ్యాయి. ఇంకో అయిదు నిమిషాల ఆట ఉందనగా మూర్తి గారు లేచి, తెర ముందు నిలబడి, చేతులు కట్టుకుని, "మిత్రులారా, ఈ కార్యక్రమాన్ని విజయవంతం చేసిన..." అంటూ వందన సమర్పణ మొదలెట్టారు. బొమ్మలో సగం మైదానం ఆయన చొక్కా మీద పడుతోంది.

"పక్కకి జరుగు బాబూ" అంది ఆంటీ.

"అయిపోయింది కదా ఆంటీ. పొద్దున్నే అందరికీ ఆఫీసులు."

"అయిపోనేదు. ఒకే ఫైనల్ రెండుసార్లు ఆడేరు ఒక యేడు. ఆనాడు ఓడిపోతన్నది ఈ జర్మనీవోళ్ళే. ఆకరి నిమిషంలో కొట్టి బతికేరు. వోళ్ళకి దొరికింది ఈళ్ళకి దొరకదేటి?"

"ఆంటీ కొంచెం ఎమోషనల్ అవుతున్నారు" అని మూర్తి గారు అందరివైపూ చూసి నవ్వారు. వెనక నుంచి కొందరు నవ్వారు కూడా. ఆ నవ్వుల్లోనే ఆయన ప్రొజెక్టరు దగ్గరికి వెళ్ళి మీట నొక్కేశారు. గోడ నల్లబడింది. ట్యూబులైట్లు వెలిగాయి. ఆయన ప్రసంగం రెండో వాక్యంలోకి వెళ్ళింది.

ఆంటీ కుర్చీలోంచి లేచింది. ఫ్లాస్కు సంచిలో పెట్టుకుంది, కొంగు నడుముకి దోపుకుంది, చెప్పులు వెతుక్కుని తలుపు వైపు నడిచింది. నేను లేచాను. "పద్మా, నువ్వు ఉండు, ప్లేట్లూ అవీ తీయించాలి" అన్నారు మూర్తి గారు. ఆఫీసులో వాడే గొంతే. ఈ దేశంలో ఉండడానికి నాకున్న కాగితం ఆయన సంతకం మీద నడుస్తోంది. ఒకటి రెండు క్షణాలు నిలబడే ఉన్నాను. ఆ క్షణాలకి నేను ఇప్పటికీ సిగ్గుపడతాను. తర్వాత బయటికి పరుగెత్తాను.

ఆంటీ అప్పటికే ఈతకొలను దాటేసింది. గేటు దగ్గర కాపలా గదిలో నీలం వెలుతురు కదులుతోంది. వచ్చేటప్పుడే చూసి పెట్టుకుందట. లోపల ఇస్మాయిల్ అనే ముసలాయన, అరచేతి వెడల్పు టీవీ, తీగ కట్టిన ఏంటెన్నా. ఆంటీ మలయ్‌లో ఏదో అడిగింది. ఆయన లేచి తన కుర్చీ ఇచ్చి తను నిలబడ్డాడు. నేను కిటికీ బయటి నుంచి తల దూర్చాను. తొంభై నిమిషాలు అయిపోయాయి. అదనపు సమయం మూడు నిమిషాలని చూపిస్తున్నారు. ఇంగ్లండ్ వాళ్ళు మూలనుంచి కొడుతున్నారు, వాళ్ళ గోలీ కూడా తన గూడు వదిలి ఇటువైపుకి వచ్చేశాడు. బంతి ఎవరి కాలికో తగిలి, ఎటో పోబోయి, ఇంకెవరి కాలికో తగిలి లోపలికెళ్ళింది. ఇస్మాయిల్ గారు "అల్లా!" అని తలమీద టోపీ తీసేశారు. నేను కేక పెట్టాను. ఆంటీ మాత్రం చెయ్యెత్తి మమ్మల్ని ఊరుకోమంది. రెండు నిమిషాలైనా కాలేదు. మళ్ళీ మూల, మళ్ళీ బంతి గాల్లో, ఒకడి తల, ఇంకొకడి బొటనవేలు, వల పైకప్పు.

నేనూ ఇస్మాయిల్ గారూ ఏం చేశామో నాకు గుర్తులేదు. ఆంటీ గుర్తుంది. ఆవిడ గెలిచినవాళ్ళని చూడటం లేదు. జర్మనీ జట్టులో ఒక నల్లని కుర్రాడు నేలని పిడికిలితో గుద్దుతూ ఏడుస్తున్నాడు, రిఫరీ వచ్చి లెమ్మంటున్నాడు. ఆంటీ ఆ చిన్న తెరమీద వేలు పెట్టి, "అయ్యో నాయినా" అంది. తర్వాత ఫ్లాస్కు తీసి ముగ్గురికీ కాఫీ పోసింది.

హాల్లో ఏమయిందో తర్వాత తెలిసింది. మా కేకలు విని ఎవరో ప్రొజెక్టరు మళ్ళీ పెట్టమన్నారట. ఆ రోజుల్లో ప్రొజెక్టర్లకి ఒకసారి దీపం ఆరితే చల్లారేదాకా మళ్ళీ వెలగదు. ముప్పై మంది పట్టభద్రులు, ఒక గుడ్డి గోడ.

ఆ పొద్దున్నే ఆఫీసు. నిద్రలేని కళ్ళతో టీ గదిలోకి వెళ్ళేసరికి మూర్తి గారు మా డైరెక్టరు టాన్ గారికి, మరో పదిమందికి, ఆట వర్ణించి చెబుతున్నారు. "చివర్లో మేం ఎగిరిన ఎగురుడికి సెక్యూరిటీ వాడు పరుగెత్తుకుని వచ్చాడు" అంటున్నారు. ఆ హాల్లో ఉన్నవాళ్ళు నలుగురు అక్కడే ఉన్నారు, తలలూపుతున్నారు. నేను గ్లాసు కడుక్కుంటున్నాను. కడుక్కుని వెళ్ళిపోయి ఉండొచ్చు.

"మీరు చూడలేదు సార్. మీరు ప్రొజెక్టరు ఆపేశారు. చూసింది మా ఆంటీ" అన్నాను ఇంగ్లీషులో, అందరికీ అర్థమయ్యేలా.

టాన్ గారు పగలబడి నవ్వారు. ఇంకెవరూ నవ్వలేదు.

ఆ తర్వాతి ఆరునెలలూ నాకు ఎవరూ ఒప్పుకోని పనులన్నీ వచ్చాయి. ఒకసారి స్నేహితురాలు పోరగా పోరగా, సారీ చెబుదామని మూర్తి గారి గది తలుపు దాకా వెళ్ళాను. తలుపు మీద చెయ్యి వేసి, దేనికి సారీ చెప్పాలో ఎంత ఆలోచించినా దొరక్క వెనక్కి వచ్చేశాను. రెండువేల సంవత్సరం వచ్చింది. బ్యాంకులు మూతపడలేదు, విమానాలు ఎగిరాయి. అందులో నా చేతి పనీ ఉంది. ఫిబ్రవరిలో నా కాంట్రాక్టు పొడిగించలేదు. "యాటిట్యూడ్" అని ఒక్క మాట కారణంగా రాశారు. నెలలోపు ఇంకో ఉద్యోగం దొరకాలి, లేదా వెళ్ళిపోవాలి. నాన్న ఫోనులో, "ఒక మెట్టు దిగి అడుగమ్మా, పోయేదేముంది" అన్నారు. ఆంటీకి చెబితే ఆవిడ నెత్తళ్ళ తలలు తుంచుతూ, "నువ్వు అబద్దం ఆడినావేటి?" అంది. లేదన్నాను. "మరేటి. రేపు పొద్దున్న ఏ ఆపీసుకెళ్తావో సెప్పు, టిపిను కడతాను" అంది. ఇరవై రెండు రోజులు టిఫిను కట్టింది. ఇరవై మూడో రోజున జురోంగ్‌లో ఓడల సరుకుల చిట్టాలు చూసే ఒక చిన్న కంపెనీలో చేరాను. అక్కడే పదిహేడేళ్ళు పనిచేశాను. పొరపాటు చేశావని నాకు ఇప్పటికీ చెప్పేవాళ్ళున్నారు. ఆ పొరపాటు మళ్ళీ చెయ్యమంటే మళ్ళీ చేస్తాను, ఈసారి గ్లాసు కింద పెట్టి మరీ చేస్తాను.

ఆంటీ ఆ తర్వాత ఏ పెద్దమనిషి హాలుకీ వెళ్ళలేదు. మా బ్లాకు కింద కాఫీ కొట్టుకి వెళ్ళేది. మొదటి ఏడు మేమిద్దరమే. "ఆడవాళ్ళేంటి ఈ వేళప్పుడు" అన్న చూపులు మా మీద చాలానే పడ్డాయి. ఆంటీ ఆ చూపులకి ఎదురుగా కుర్చీ తిప్పుకుని కూర్చునేది. రెండో ఏడు మూడో అంతస్తు చైనీస్ ఆవిడ వచ్చింది. టర్కీలో జరిగిన ఫైనల్లో ఒక జట్టు సగం ఆటకే మూడు గోల్స్ తిని, తిరిగి లేచి గెలిచిన ఏడాదికి మేం ఏడుగురు ఆడవాళ్ళం. కొట్టువాడు మాకోసం రెండు బల్లలు కలిపేవాడు.

ఇప్పుడు ఎవరూ ఎవర్నీ పక్కగదిలోకి వెళ్ళమనరు. అంత మోటుగా చెప్పే అవసరం లేదు. ఎవరి ఫోను వాళ్ళకి ఒక పక్కగది. ఆ మధ్య మా అమ్మాయి మైథిలి, "హైలైట్స్ ఫైవ్ మినిట్స్‌లో అయిపోతాయి లా, మా. వై సఫర్?" అంది. దాని తప్పేం లేదు. దాని ఆఫీసులో ఆడపిల్లలకి జట్టు ఉంది, అది గోలీగా నిలబడుతుంది, ఎవరూ విచిత్రంగా చూడరు. ఆ విషయంలో ఈ కాలమే మంచిది, ఒప్పుకుంటాను. కానీ పెద్దవాళ్ళ గురించి రాయాల్సి వస్తే మాత్రం ఇప్పటికీ వాళ్ళని కడిగి, ఆరేసి, ఇస్త్రీ చేసి, "ఏమీ ఎరగని ఇల్లాలు" అని మడతపెడతారు. నేను దానికి ఒప్పుకోను.

ఆవిడతో నేను చూసిన ఆఖరి ఫైనల్ కరోనా ఏడాదిది. అప్పటికి ఆంటీకి ఎనభై దాటాయి, కూతురు రత్నం ఇంట్లో ఉంటోంది. మోకాళ్ళు పూర్తిగా పోయాయి. డాక్టరు నిద్ర చెడకూడదన్నాడు. రత్నం వద్దంది, గోపాల్ ఫోను చేసి వద్దన్నాడు. ఆంటీ ఎవరితోనూ వాదించలేదు, వేళకి లేచి కూర్చుంది. నేను వెళ్ళేసరికి చక్రాల కుర్చీలో, పట్టుచీరలో ఉంది. టీవీ పెట్టాం. ఆటగాళ్ళు వరసగా బయటికి వచ్చారు. చుట్టూ వేలకి వేల కుర్చీలు, ఒక్క మనిషి లేడు. కాళ్ళు బంతికి తగిలే చప్పుడు కూడా వినపడుతోంది.

ఆంటీ కళ్ళు చిట్లించి చూసింది. "జనం ఏరి?"

"జబ్బు కదా ఆంటీ. ఎవర్నీ రానివ్వలేదు."

"ఒక్కలు కూడానా?"

"ఒక్కరు కూడా."

ఆవిడ కాసేపు ఆ ఖాళీ కుర్చీల వైపే చూసింది. తర్వాత చక్రాల మీద చేతులు వేసి, తనే నెట్టుకుంటూ, టీవీకి మూరెడు దూరం దాకా జరిగింది.

"అయితే మనవే సూడాల. దగ్గరికి రా పిల్లా" అంది.